జాంబియా రాకు రికార్డులు – పునర్ముద్రణ ధర్మము

పాత గ్రంథమును మరల అచ్చువేయుటకు పరిష్కర్త కావలెనని మనవారెఱుగుదురు. అతడు ప్రతులను పోల్చి చూడవలెను; పాఠభేదములను చూపవలెను; కర్త యెవరో, ఏ కాలమువాడో పీఠికలో చెప్పవలెను. ఇవేవియు లేక, చేజిక్కిన ప్రతిని చేజిక్కినట్లు అచ్చొత్తించి, పై అట్టకు రంగులు పూసి విక్రయించువానిని మనము వర్తకుడందుము గాని పరిష్కర్త యనము. గ్రంథముల విషయమున మనకు గల యీ వివేకము పాటల రికార్డుల విషయమున ఇంకను కుదురుకొనలేదు. ఎవరును ఎఱుగని పాత రాకు సంగీతపు రికార్డులను దేశదేశముల వెదకి కూడబెట్టుట యూరోపు, అమెరికా, జపాను దేశములలో చాలమందికి వ్యసనమై యున్నది. అట్టి రికార్డులను మరల అచ్చువేసి అమ్ముట దానివెంట పెరిగిన వ్యాపారము. ఆ పునర్ముద్రణములలో ఏది కొనదగినది, ఏది కాదు అను సంగతిని ఒక్క దేశపు చరిత్ర నాధారముగా గొని విచారింప దలచితిమి. ఆ దేశము ఆఫ్రికాలోని జాంబియా.

ముందుగా ఆ సంగీతమెట్టిదో చెప్పవలెను. సైకడెలిక్ రాకు అనునది 1960 తరువాతి దశకము నడుమ శాన్‌ఫ్రాన్సిస్కో, లండను నగరములలో బలపడినది. ఎలక్ట్రిక్ గిటారు నాదమును ఫజ్ అను చిన్న యంత్రముగుండ పంపి బొంగురుపోవునట్లు చేయుట, ప్రతిధ్వనులను పెంచుట, టేపును వెనుకకు త్రిప్పి వినిపించుట దాని ముఖ్య లక్షణములు. ఆ పేరు మాత్రము సంగీతమునుండి పుట్టలేదు. హంఫ్రీ ఆస్మండ్ అను ఆంగ్ల వైద్యుడు కొన్ని మత్తుమందుల గుణమును తెలుపుటకు గ్రీకు మాటలతో కూర్చిన పదమది. ఈ పుట్టుపూర్వోత్తరములను విని కొందఱు చదువరులు ముఖము చిట్లింతురని మేమెఱుగుదుము. మత్తుమందులను మేము సమర్థింపము. కాని ఒక వాద్యరీతి ఏ గడపలో పుట్టినదో చూచి, అది వేఱొక దేశమున జేసిన పనిని తిరస్కరించుట న్యాయము కాదు. మన భజన మందిరములకు హార్మోనియము ఎచ్చటినుండి వచ్చినదని ఇప్పుడెవరడుగుచున్నారు?

ఉత్తర రొడీషియా యను పేరుతో ఆంగ్లేయుల పాలనలోనుండిన దేశము 1964 అక్టోబరు 24వ తేదీన స్వతంత్రమై జాంబియా యయ్యెను. దాని ఐశ్వర్యమంతయు రాగి. కిట్వె, ఎన్డోలా, చింగోలా మొదలగు గనుల పట్టణములలో పనివారి బిడ్డలు రేడియోలోను రికార్డులలోను జిమీ హెండ్రిక్సును, రోలింగ్ స్టోన్సును వినుచు పెరిగిరి. మొదట వారి పాటలనే పాడుచుండిరి. తరువాత రేడియోలో వినిపించు సంగీతములో నూటికి 95 పాళ్లు జాంబియావారిదే కావలెనని అధ్యక్షుడు కెన్నెత్ కౌండా శాసించెను. ఆజ్ఞచే కళ పుట్టదని మేము సాధారణముగా నమ్ముదుము. ఇచ్చట మాత్రము ఆజ్ఞ మేలే చేసినదని ఒప్పుకొనవలసియున్నది. ఫజ్ గిటారును విడువకయే ఆ పిల్లలు తమ డప్పుల లయను, బెంబా, న్యాంజా భాషలను, ఇంగ్లీషును కలిపి కొత్త సంగీతమును కల్పించిరి. దానికి జామ్‌రాకు అను పేరు వచ్చెను. విక్టోరియా జలపాతమునకు ఆ దేశపు పేరైన ‘గర్జించు పొగ’ యను మాటను ఒక బృందమువారు తమ పేరుగా పెట్టుకొనిరి. వారే మూసి-ఓ-టున్యా. పాల్ ఎన్గోజి తన పేరుననే బృందమును నిలిపి, ఇంటింటి కష్టసుఖములను పాడెను. అమనాజ్ బృందము 1975లో ‘ఆఫ్రికా’ యను రికార్డును వెలువరించెను. అందఱికంటెను పేరుపొందినవారు విచ్. ఆంగ్లమున అది మంత్రగత్తె యను మాటయే గాని, ‘అల్లకల్లోలము చేయ సంకల్పించితిమి’ అను నర్థమిచ్చు వాక్యపు తొలి యక్షరముల కూర్పు కూడ. వారి గాయకుడు ఇమాన్యేయో చందా. మిక్ జాగరు పేరును ఆఫ్రికా మాటవలె మలచి ‘జాగరి’ యని అతనిని పిలిచిరి.

ఈ వైభవము పదియేండ్లయినను నిలువలేదు. 1970 తరువాతి దశకము నడుమ రాగి వెల పడిపోయెను. పొరుగుననున్న రొడీషియా, అంగోలా, మొజాంబిక్ దేశములలో యుద్ధములు సాగుచుండెను. దొంగ క్యాసెట్లు రికార్డుల యమ్మకమును కొట్టివైచెను. వెనుకనే ఎయిడ్సు వచ్చి, ఆ తరపు వాద్యకారులను ఒక్కొక్కరిగ తీసికొనిపోయెను. విచ్ బృందపు మొదటివారిలో జాగరి యొక్కడే మిగిలెను. అతడు బృందమును విడిచి చదువుకొని సంగీతోపాధ్యాయుడై, పిమ్మట రత్నపు రాళ్లకొఱకు గనులు త్రవ్వుచు జీవించెను. ఆ కాలమందే అతని పాత రికార్డులు విదేశములలో చేతులు మాఱుచు, ఒక్కొక్కటి వందలాది డాలర్లు పలుకుచుండెను. గనిలోనున్నవానికి దానిలో దమ్మిడీ లేదు.

సేకరించువారిని మేము నిందింపబోము. వారే లేకున్న ఆ రికార్డులు చెత్తబుట్టలలో పడియుండెడివి. అయితే వారికొక భ్రమ కలదు. దొరకని దానికెల్ల గొప్పతనమున్నదని వారెంతురు. మూడువందల ప్రతులు అచ్చై, అందు పది మిగిలిన రికార్డు చప్పని పాటలదే కావచ్చును. పునర్ముద్రించువారును ఈ భ్రమమీదనే బ్రతుకుచున్నారు. ‘మిక్కిలి యపురూపము’ అని యట్టమీద అచ్చువేసినంతనే వెల రెట్టింపగును.

మేమును ఒకమారు మోసపోయితిమి. ఒక ఆఫ్రికా బృందపు రికార్డును వన్నెవన్నెల ప్లాస్టిక్కుతో మరల వేసినారని విని తెప్పించుకొంటిమి. అట్టమీద బృందపు పేరున్నది. గిటారు వాయించినవాని పేరు లేదు. ఏ యేట, ఏ యూర రికార్డు చేసిరో లేదు. ఎవరి యనుమతితో అచ్చువేసిరో అసలే లేదు. సూది పెట్టగానే తెలిసినది: అరిగిన పాత రికార్డును వాయించి, దాని చిటపటలను అణచుటకై యంత్రముతో వడగట్టినారు. చిటపటలతోబాటు తాళపు మ్రోతయు పోయినది. గొంతు మాత్రము నూతిలోనుండి వచ్చునట్లున్నది. ఇంటిలోనివారు రెండుపాటలు విని, ‘దీనికా యింత సొమ్ము?’ అనిరి. మేము మాఱుపలుకలేకపోయితిమి.

కనుక మేము మొదట చూచునది ధ్వని యెచ్చటినుండి తీసినదనుట. స్టూడియోలోని మూల టేపు మిగిలియున్నచో దానినుండియే తీయవలెను. అది నశించినచో చక్కని రికార్డు ప్రతినుండి తీయుట తప్పుకాదు. ఆ సంగతిని దాచుట తప్పు. శిథిలమైన తాళపత్రమును చూచి వ్రాసితిమని చెప్పు లేఖకునియందు మనకు గౌరవమే కలుగును గదా. చిటపటలను గుఱించి మా యభిప్రాయము: కొన్నింటిని ఉండనిచ్చుటయే మేలు. పాటను పోగొట్టుకొని నిశ్శబ్దమును కొనుట వెఱ్ఱితనము.

రెండవది పేరు. ఇది ధ్వనికంటెను ముఖ్యమని కాంబోడియా కథ చూపుచున్నది. 1975 ఏప్రిలులో ఖ్మేర్ రూజ్ వారు నాంపెన్ నగరమును పట్టుకొనిరి. సిన్ సిసమూత్, రోస్ సెరీ సోథియా, పాన్ రోన్ మొదలగు పేరుగొన్న గాయనీగాయకులు ఆ దారుణ పాలనలో నశించిరి. ఒక అమెరికా యాత్రికుడు కాంబోడియాలో కొన్న క్యాసెట్లనుండి 1996లో ‘కాంబోడియన్ రాక్స్’ అను రికార్డు వెలువడెను. అందు పాటల పేర్లు లేవు, పాడినవారి పేర్లు లేవు. లోకమంతయు ఆ సంగీతమును మెచ్చెను. ఎవరిని మెచ్చుచున్నదో ఎఱుగదు. చంపినవారు మనుష్యులను తుడిచివైచిరి. అచ్చువేసినవారు పేరైన మిగుల్పలేదు. ఆ పాటలను విన్నవారే తరువాత ఒక్కొక్క గొంతును గుర్తుపట్టి పేర్లు చేర్చవలసివచ్చెను. ఆ రికార్డు మేలు చేయలేదని మేమనము. అది లేనిచో చాలమంది ఆ గొంతులను వినియే యుండరు. అయినను దానిని మంచి పునర్ముద్రణమని ఒప్పుకొనలేము.

మూడవది కూలి. డెట్రాయిటు నగరవాసి సిక్స్‌టో రోడ్రీగెజ్ 1970లో ‘కోల్డ్ ఫ్యాక్ట్’ అను రికార్డు వెలువరింపగా అమెరికాలో ఎవరును కొనలేదు. ఆయన పాత యిండ్లను పడగొట్టు కూలిపనిలో జీవించెను. దక్షిణాఫ్రికాలో ఆ రికార్డు ఇంటింట మ్రోగుచుండ, ఆయన రంగస్థలముపై ఆత్మహత్య చేసికొనెనని అచ్చటివారు నమ్ముచుండిరి. ఆ ప్రఖ్యాతి ఆయనకు తెలియనే తెలియదు. 1998లో అచ్చటికి పోయి పాడినప్పుడే అచ్చటి శ్రోతలను చూచెను. 2008లో అమెరికాలో ఆ రికార్డు మరల సక్రమముగా వెలువడెను. 2023లో ఆయన కాలధర్మము చెందెను.

ఈ మూడింటిని పట్టి జాంబియా రికార్డులకు మరల వత్తము. కాలిఫోర్నియాలోని నౌ-అగేన్ అను సంస్థ 2012లో విచ్ బృందపు 1970ల నాటి రికార్డులను ఒక్క పెట్టెలో కూర్చి, చరిత్రను, ఛాయాచిత్రములను జోడించి వెలువరించెను. జాగరితో మాటలాడి, అతని సమ్మతితో చేసిన పని యది. 2017లో ‘వెల్కమ్ టు జామ్‌రాక్’ అను రెండు సంపుటములు పుస్తకరూపమున వచ్చెను. వెల యెక్కువయే, మధ్యతరగతి గృహస్థుడు నిట్టూర్చును. అయినను సంపుటములలో ఒకటి కొన్న ఆ దేశపు సంగతి చాలవఱకు తెలియును. అమనాజ్ వారి ‘ఆఫ్రికా’ పునర్ముద్రణము మాకు మఱింత నచ్చినది. ఆ రికార్డుకు రెండు కూర్పులున్నవి. ఒకటి ప్రతిధ్వనితో నిండినది, రెండవది పొడిగా, గిటారు మీ చెంతనే మ్రోగునట్లుండునది. పరిష్కర్తలు ఏది నిజమని తీర్పు చెప్పక రెండింటిని ఇచ్చినారు. పాఠభేదములను చూపుట యనిన ఇదియే. మాకు పొడి కూర్పే ఇష్టము. మా యింటిలో చిన్నవారందఱును రెండవదానినే మెచ్చినారు.

జాగరి ముదిమిలో మరల బృందమును కూర్చుకొని యూరోపు, అమెరికా దేశములలో పాడెను. 2019లో ఆయనపై చలనచిత్రము వచ్చెను. 2023లో విచ్ వారి కొత్త రికార్డు ‘జాంగో’ వెలువడెను. దానిని పాడినది లుసాకా నగరమున, పాత రికార్డుల నాటి డి.బి. స్టూడియోలోనే.