వాహనం, భక్తుడు: తిరుమల, శ్రీకాళహస్తి క్షేత్రాల్లో మృగబలం – దైవాధిపత్యం

తిరుమల బ్రహ్మోత్సవాల్లో మలయప్పస్వామి తొలిరాత్రి పెద్దశేష వాహనమెక్కి మాడవీధుల్లోకి వస్తాడు. ఆ తర్వాత హంస, సింహం, గరుడుడు, హనుమంతుడు, ఏనుగు, గుర్రం వంతులవారీగా స్వామిని మోస్తాయి. స్వామి కొలువున్న కొండల్నే ఆదిశేషుడి దేహంగా భావిస్తారు. ఇక్కడ మృగబలానికి అర్థం తేటతెల్లమే: ఎంతటి బలమైనా ఏలికను మోయడానికే. రాజు ఊరేగింపులో రాజ్యమంతా కనిపించినట్టు, వాహనసేవలో సృష్టి మొత్తం కొలువు చేస్తుంది.

తిరుపతికి 40 కి.మీ. లోపే, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తి ఈ లెక్కకు లొంగదు. పంచభూత లింగాల్లో ఇది వాయులింగం. గర్భగుడిలో రెపరెపలాడే దీపాన్ని గాలి ఉనికికి గుర్తుగా చూపిస్తారు. క్షేత్రం పేరులోనే సాలెపురుగు, పాము, ఏనుగు ఉన్నాయి. అవి స్వామిని మోయవు, పూజిస్తాయి. వాటి పూజలు ఒకదానితో ఒకటి పొసగవు.

16వ శతాబ్దంలో ధూర్జటి రాసిన ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యము’లో ఈ పొసగనితనమే కథకు ప్రాణం. పాము మణులు తెచ్చి లింగం మీద పెడుతుంది. ఏనుగు వాటిని తోసేసి, నీళ్లు పోసి, ఆకులూ పూలూ పరుస్తుంది. ఒకరి అర్చన మరొకరికి అపచారం. ఆఖరికి పాము తొండంలో దూరుతుంది, ఏనుగు బాధతో తల మోదుకుంటుంది, రెండూ చస్తాయి. శివుడు ఎవరి పూజ సరైనదో తేల్చడు, ఇద్దరికీ మోక్షమిస్తాడు. తన గూడు దీపానికి కాలిపోతే ఆ మంట మీదికే ఉరికిన సాలెపురుగుకూ అదే గతి. తీర్పు చెప్పని ఈ ఏలిక రాజులను బొత్తిగా పోలడు. రాజసేవను ఈసడిస్తూ శతకం చెప్పిన కవికి ఇలాంటి దేవుడే నచ్చడం కాకతాళీయమని నేననుకోను. ఆ కవిని కృష్ణదేవరాయల అష్టదిగ్గజాల్లో ఒకడిగా చెప్పడం మాత్రం తమాషాయే.

బైబిల్లోని యోబు గ్రంథంతో పోల్చితే తేడా ఇంకా స్పష్టపడుతుంది. అక్కడ దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడుతూ అడవిగాడిదను, నీటిగుర్రాన్ని, మకరాన్ని చూపించి, వీటిని నువ్వు లొంగదీయగలవా అని మనిషిని నిలదీస్తాడు. మృగం మనిషి హద్దును గుర్తుచేసే సాక్షి. తిరుమలలో అది సేవకురాలు. కాళహస్తిలో భక్తురాలు, పైగా తగవులమారి.

ఈ మూడు నమూనాల్లో చిత్తూరు జిల్లా రైతుకు బాగా తెలిసింది యోబు చూసిందే. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వచ్చాయి. వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పంటచేల మీద పడే మందను ఏ పురాణమూ ఆపలేదు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. శిక్షణ పొందిన ఏనుగుతో అడవి ఏనుగును తరిమే పద్ధతి అది. గజవాహనాన్ని, కాళహస్తి ఏనుగును చదివే పరిశోధకులు పలమనేరు పొలాలనూ తమ ఆధారాల్లో చేర్చుకోవాలి.