లాగ్ క్యాబిన్ బొంత

ఇలా దగ్గరికొచ్చి కూర్చో, తల్లీ. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు, అదెక్కడికీ పారిపోదు. అమెరికా ఇల్లాళ్లు కుట్టుకున్న లాగ్ క్యాబిన్ బొంత సంగతి చెబుతా.

లాగ్ క్యాబిన్ అంటే దుంగల గుడిసె. 1860 ఎన్నికల్లో అబ్రహాం లింకన్ అలాంటి గుడిసెలో పుట్టినవాడని ఊరూరా చాటారు. ఆ గుడిసె అంటేనే జనానికి ముద్దొచ్చింది. ఆ దశాబ్దంలోనే ఈ కుట్టూ ఇంటింటికీ పాకింది. 1862లో ప్రభుత్వ బీడు భూములు పంచే హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. రుసుములన్నీ కలిపి 18 డాలర్లు. ఇల్లు వేసుకుని ఐదేళ్లు సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం. కారుచవక అనుకుంటున్నావా? ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అని ఊరికే అన్నారా! ఆ బీళ్లలో ఐదేళ్లు నిలవలేక వెనుదిరిగినవాళ్లు బోలెడుమంది. సరే, రామాయణంలో పిడకల వేట అయింది, బొంత దగ్గరికే వద్దాం.

ముందు ఓ పాత గుడ్డ పరిచి, నడిమధ్య చిన్న ఎర్ర ముక్క పెట్టేవారు. అది చలి కాచుకునే పొయ్యికి గుర్తని చెప్పుకుంటారు. దాని చుట్టూ పాత గౌన్ల పీలికలు, చొక్కాల పీలికలు, ఒకదాని కొసను ఇంకోటి కప్పేలా, గుడిసెకు దుంగలు పేర్చినట్టు కుట్టుకుంటూ పోవడమే. రెండు పక్కల లేత రంగులు, రెండు పక్కల ముదురు రంగులు. ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ. సంసారమన్నాక రెండూ ఉండేవే కదమ్మా! అన్ని అతుకుల్లోంచి సూది దిగడం కష్టం గనుక, చాలామంది పొరలను అక్కడక్కడ దారంతో ముడేసి ఊరుకునేవారు.

ఇలా కుట్టిన చదరాలనే తిప్పి పేరిస్తే బొంత పేరే మారిపోతుంది. ఏటవాలు చాళ్లుగా అమిరితే ‘స్ట్రెయిట్ ఫర్రో’, అంటే నాగటి చాలు. నడుమ నుంచి వజ్రాకారంలో ఒకదాని చుట్టూ ఒకటి విచ్చుకుంటే ‘బార్న్ రైజింగ్’. ఊరంతా చేయి వేసి ఒకరి ధాన్యపు కొట్టాన్ని నిలబెట్టే పండగ పేరది.

నడుమ నల్ల ముక్క పెట్టిన బొంతను దండెం మీద ఆరేస్తే, పారిపోయి వచ్చే బానిసలకు ‘ఈ ఇల్లు క్షేమం’ అని గుర్తట. ఆ కథా విన్నావేమో. చరిత్రకారులు ఎంత వెతికినా ఆ కాలపు ఆధారం దొరకలేదు. గోరంతను కొండంత చేయనిదే మనుషులకు తోచదు మరి! చిరిగిన చొక్కాలోనూ బాగున్న జానెడు ముక్కను దాచి, దానితో ఇంటిల్లిపాదికీ వెచ్చదనం కూర్చిన ఆ తల్లుల నేర్పు చాలదూ గొప్పగా చెప్పుకోవడానికి?

నువ్వూ ఈసారి పాత బట్టలు మూటగట్టి పారేసే ముందు, లేత రంగులొకవైపు, ముదురు రంగులొకవైపు తీసిపెట్టు. కుట్టడం రాదంటావా? సూదిలో దారం ఎక్కించి తీసుకురా, మిగతాది నేను నేర్పుతా.