చదవలేని వెంకన్న

బృందావనం ముందు నుంచే రోజూ బడికి పోయినవాళ్లం మనం. వెంకన్న కథ అందరం విన్నాం. అందులో సగమే మనకు గుర్తుంది.

17వ శతాబ్దం. ఆదోని సీమ బీజాపూర్ ఆదిల్‌షాహీల ఏలుబడిలో ఉంది. మఠం సంప్రదాయం ప్రకారం వెంకన్న తల్లిదండ్రులు లేని పిల్లవాడు. పశువులు కాస్తూ పెరిగాడు, అక్షరం రాదు. దారిన పోతున్న నవాబు తనకొచ్చిన ఉత్తరం ఇచ్చి చదవమన్నాడు. రాదంటే నమ్మలేదు, శిక్షిస్తానని బెదిరించాడు. వెంకన్న రాఘవేంద్రస్వామిని తలచుకుని చదివేశాడట. తర్వాత ఆదోని దివాను అయ్యాడు. స్వామి కోరిన మంచాల గ్రామం దక్కడంలోనూ, 1671 నాటి బృందావనం నిర్మాణంలోనూ అతని సాయం ఉందంటారు. ఆ మంచాలే మన మంత్రాలయం.

మనం మహిమను గుర్తుంచుకున్నాం. గుర్రమెక్కినవాడు ఒక పిల్లవాణ్ని రానిదాన్ని అడ్డుపెట్టుకుని భయపెట్టడం, చుట్టూ ఉన్నవాళ్లు చూస్తూ ఊరుకోవడం మరిచిపోయాం.

మా ఎనిమిదో తరగతిలోనూ ఒక వెంకన్న ఉండేవాడు. ఇంట్లోవాళ్లతో సుగ్గికి పోయి, సంక్రాంతి దాటాక వచ్చేవాడు. తెలుగు వాచకం చదవమంటే తడబడేవాడు. 'సుగ్గోడు' అని పేరు పెట్టి నవ్వేవాళ్లం. ఎవరూ కొట్టలేదు కాబట్టి అది తప్పని తోచలేదు. పక్కన కూర్చున్న ఒక్కడు మాత్రం పుస్తకంలో వరుస కింద వేలు పెట్టి, మెల్లగా తనూ కలిపి చదివాడు. ఆరోజు పేరా పూర్తయింది. మరుసటి ఏడు సుగ్గికి పోయిన ఆ పిల్లవాడు తిరిగి బడికి రాలేదు. కరువు వల్లనా, మా నవ్వు వల్లనా? రెండూ కారణమేనేమో.

1997లో మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దండననే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. మంచిదే. కానీ చట్టం కదలాలంటే ఎవరో ఒకరు చెప్పాలి. తరగతి నవ్విందని ఏ పిల్లవాడు పోయి చెబుతాడు? దాన్ని పక్క బెంచీవాడే కనిపెట్టాలి.

కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి సుగ్గి వలసలు ఇంకా ఆగలేదు. ఆ పిల్లలు తిరిగొచ్చిన మొదటి నెలలో పక్కన కూర్చుని చదివించేందుకు పూర్వ విద్యార్థులం వంతులు వేసుకుందామా? ఊళ్లో ఉన్నవాళ్లకు రోజుకు ఒక గంట చాలు.

మిత్రమా, ఈ సంచిక నీ కంటపడితే ఒక మాట. ఆనాడు ముందు నవ్వింది నేనే. క్షమించు. ఈ జనవరిలో మొదటి వంతు నాది.