జహీరాబాద్‌లో ప్రైవేటు బడి మెట్లెక్కే దళిత బిడ్డ: చట్టం ఏమిస్తుంది, మనం ఏం అడగాలి

జహీరాబాద్‌లో ప్రైవేటు బడి అంటే నాలుగైదు భాషలు కలిసే చోటు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు, కన్నడం, మరాఠీ, లంబాడీ మాట్లాడే పిల్లలు ఒకే తరగతిలో కూర్చుంటారు. దీని వెనుక చరిత్ర ఉంది. హైదరాబాద్ రాష్ట్రంలో జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లా కింద ఉండేది. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు బీదర్ మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. జహీరాబాద్ తాలూకాలో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి మెదక్ జిల్లాలో చేరింది. 2016 అక్టోబరు 11 నుంచి ఇది సంగారెడ్డి జిల్లా. గీత మారింది కానీ పెళ్లిళ్లు, కూలి పనులు, సంతలు ఇప్పటికీ బీదర్ వైపు సాగుతూనే ఉన్నాయి.

అన్ని మతాల, అన్ని భాషల పిల్లలు మా దగ్గర చదువుతారని యాజమాన్యాలు గర్వంగా చెప్పుకుంటాయి. ఆ వరుసలో కులం మాట మాత్రం రాదు. జహీరాబాద్ అసెంబ్లీ స్థానం ఎస్సీలకు రిజర్వు అయిన నియోజకవర్గం. అలాంటి చోట కూడా మాదిగ వాడ నుంచో, మాల వాడ నుంచో వచ్చే తల్లి ప్రైవేటు బడి ఆఫీసు గది ముందు నిలబడినప్పుడు ఆమెకు తన హక్కులేమిటో చెప్పేవాళ్లు తక్కువ. ఆమె పక్కన నిలబడే కార్యకర్తలకూ, విద్యార్థులకూ పనికొచ్చేలా చట్టాలు, పథకాలు, పత్రాలు, ఫిర్యాదు దారులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

ప్రైవేటు బడి ఎందుకు?

ప్రభుత్వ బడిని కాపాడుకోవాలని మేము గట్టిగా నమ్ముతాం. అదే సమయంలో, ఊళ్లోని మిగతా కులాల పిల్లలంతా బస్సెక్కి ప్రైవేటు బడికి వెళ్లిపోతే, ప్రభుత్వ బడిలో దళిత పిల్లలే మిగిలితే, అది పాత వాడను బడి రూపంలో మళ్లీ కట్టడమే. దళిత బిడ్డ ఎక్కడ చదవాలన్నది తల్లిదండ్రులు ఎంచుకోవాలి. ఆ ఎంపికకు డబ్బు, కులం అడ్డు కాకూడదు.

ఈ పోరాటం కొత్తది కాదు. నిజాం కాలంలో భాగ్యరెడ్డి వర్మ (1888–1939) హైదరాబాద్‌లో 1910 నుంచి ఆది హిందువుల పిల్లల కోసం తెలుగు బడులు తెరిచారు. మిగతా బడులు తలుపులు మూసుకున్నాయి కాబట్టే ఆయన సొంత బడులు కట్టాల్సి వచ్చింది. ఇవాళ తలుపు తెరిచే ఉందంటున్నారు. లోపలికి అడుగు పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది, లోపల ఎలా చూస్తారు అన్నవి ఇప్పటి ప్రశ్నలు.

25 శాతం సీట్ల హక్కు

2002లో వచ్చిన 86వ రాజ్యాంగ సవరణ 21-ఎ అధికరణాన్ని చేర్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసింది. దాన్ని అమలు చేయడానికి వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 12(1)(సి) మనకు ముఖ్యం. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడి కూడా ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లను చుట్టుపక్కల ఉండే అణగారిన వర్గాల, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఎనిమిదో తరగతి అయ్యేవరకు వారికి ఉచితంగా చదువు చెప్పాలి. బడిలో నర్సరీ, ఎల్‌కేజీ ఉంటే ఈ వాటా అక్కడి నుంచే మొదలవుతుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలు నేరుగా 'అణగారిన వర్గం' నిర్వచనంలోనే ఉన్నారు.

బడి పెట్టే ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. ప్రభుత్వ బడిలో ఒక్కో పిల్లవాడికి అయ్యే ఖర్చు, ఆ ప్రైవేటు బడి అసలు ఫీజు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది ఇస్తుంది. కాబట్టి ఇది యాజమాన్యం చేసే దానం కాదు. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో ఇచ్చిన నియమాల్లో ఈ 25 శాతంలో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4 శాతం కేటాయించారు.

అమలు సంగతి వేరు. తెలంగాణ ఏర్పడి పదేళ్లు గడిచినా ఈ సీట్లు భర్తీ కాలేదు. గురుకులాలు నడుపుతున్నాం కదా అన్న వాదన వినిపిస్తూ వచ్చింది. హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు నడిచాయి. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2022 జనవరిలో హైకోర్టు ఆదేశించాక ఆన్‌లైన్ దరఖాస్తులు, లాటరీ మొదలయ్యాయి. ఒకే చట్టం, ఒకే నియమాల నుంచి విడిపోయిన రెండు రాష్ట్రాల్లో పిల్లలకు దక్కింది వేర్వేరు.

ఒక మినహాయింపును గుర్తుంచుకోవాలి. 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును విస్తృత ధర్మాసనం మళ్లీ పరిశీలించాలని కోరింది. జహీరాబాద్ లాంటి చోట చర్చి సంస్థల, ముస్లిం సంస్థల బడులు చాలా మందికి అందుబాటులో ఉంటాయి. అక్కడ 25 శాతం సీటు అడిగే ముందు ఆ బడికి మైనారిటీ హోదా పత్రం ఉందో లేదో అడగాలి. పేరులో సెయింట్ అని ఉన్నంత మాత్రాన మైనారిటీ బడి అయిపోదు.

బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం

ఇప్పటిదాకా తెలంగాణలో దళిత కుటుంబాలు ప్రైవేటు బడిలోకి వెళ్తున్న ప్రధాన దారి ఇదే. ఎస్సీ అభివృద్ధి శాఖ నడుపుతుంది. ఒకటో తరగతిలో ఇంటి నుంచి వెళ్లి వచ్చే పిల్లలను, ఐదో తరగతిలో హాస్టల్ ఉండే పిల్లలను తీసుకుంటారు. కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు దాటకూడదు. దరఖాస్తులు ఎక్కువైతే జిల్లా అధికారుల సమక్షంలో లాటరీ తీస్తారు. ప్రభుత్వం ఏడాదికి ఇంటి నుంచి వెళ్లే పిల్లలకు 28,000, హాస్టల్ పిల్లలకు 42,000 రూపాయలు నేరుగా బడికి చెల్లించాలి.

చెల్లించాలి అన్న మాట దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. 2025 అక్టోబరులో బకాయిలు రాలేదంటూ రాష్ట్రంలో పలు బడులు ఈ పథకం పిల్లలను ఇంటికి పంపాయి. తల్లిదండ్రులు పిల్లలతో సహా కలెక్టరేట్ల ముందు కూర్చోవాల్సి వచ్చింది. అప్పు ప్రభుత్వానిది, బాకీ రావాల్సింది యాజమాన్యానికి, గేటు బయట నిలబడింది మాత్రం దళిత బిడ్డ. తరగతిలో ఎవరి ఫీజు ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలిసిపోవడమే ఒక శిక్ష.

దరఖాస్తు ఫారంలో రెండు గళ్లు

చేర్పించేటప్పుడు నింపే ఫారంలో కులం, మతం అని రెండు గళ్లు ఉంటాయి. తొందరలో గుమస్తా నింపేసే ఈ గళ్లు పదిహేనేళ్ల తర్వాత ఉద్యోగం దగ్గర, స్కాలర్‌షిప్ దగ్గర సాక్ష్యంగా బయటికి వస్తాయి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారే ఎస్సీలుగా గుర్తింపు పొందుతారు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను రాష్ట్రంలో బీసీ-సిగా లెక్కిస్తారు. వారికి కొన్ని ఆర్థిక రాయితీలను కొనసాగిస్తూ 1977లో జీవో 341 వచ్చింది. మతం మారితే కులం పోతుందన్న ఈ లెక్క అన్యాయమని దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా అడుగుతున్నారు. దీన్ని పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు.

మెదక్ ప్రాంతంలో దళిత కుటుంబాల్లో జాన్, మేరీ లాంటి పేర్లు మామూలు. పేరు చూసి గుమస్తా మతం రాయడానికి వీల్లేదు. తల్లిదండ్రులు చెప్పింది, వారి దగ్గరున్న ధ్రువపత్రంలో ఉన్నది రాయాలి. చదవడం రాని తల్లి వేలిముద్ర వేసే ముందు ఆ గళ్లలో ఏముందో చదివి వినిపించడం మనం చేయగల అతి చిన్న పని, అతి పెద్ద సాయం.

కులం గడిలో ఎస్సీ అని మాత్రమే రాసి వదిలేస్తే చాలదు. మాదిగ, మాల, ఏ కులమైతే ఆ కులం పేరు ఉండాలి. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతం వాటాలు ఇచ్చారు. మీసేవలో తీసుకునే కొత్త ధ్రువపత్రంలో గ్రూపు సరిగా పడిందో లేదో చూసుకోవాలి.

సరిహద్దు కుటుంబాల చిక్కు

బీదర్ వైపు నుంచి కూలికి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడిన దళిత కుటుంబానికి ఇక్కడ ఎస్సీ ధ్రువపత్రం దొరకడం కష్టం. ఎస్సీ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుందని, వలస వచ్చినవారికి కొత్త రాష్ట్రంలో ఆ ప్రయోజనాలు రావని సుప్రీంకోర్టు 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. అందుకే తాతముత్తాతల నుంచి ఈ వైపే ఉన్నారని చూపే భూమి పత్రాలు, పాత బడి రికార్డులు, ఓటరు జాబితాలు వెతికిపెట్టాలి. అవి లేని వలస కుటుంబం పిల్లవాడికి కూడా విద్యాహక్కు చట్టం కింద ఆదాయం ఆధారంగా బలహీన వర్గం దారి మిగిలి ఉంటుంది.

తల్లిదండ్రులలో ఒకరే దళితులైనప్పుడు మరో ప్రశ్న వస్తుంది. బిడ్డకు తండ్రి కులమే అని అధికారులు తేల్చేస్తుంటారు. 2012లో రమేశ్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు అలా గుడ్డిగా తేల్చకూడదని చెప్పింది. బిడ్డ ఎవరి మధ్య పెరిగింది, ఏ వివక్షను ఎదుర్కొంది అన్నది చూడాలంది.

చేర్చే ముందు చూడాల్సినవి

గుర్తింపు: గుర్తింపు లేకుండా బడి నడపడం నేరం. సెక్షన్ 18 కింద లక్ష రూపాయల వరకు, ఆపకపోతే రోజుకు 10,000 వరకు జరిమానా ఉంది. ఏ తరగతి వరకు గుర్తింపు ఉందో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి.

పరీక్షలు, డొనేషన్లు: చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్ష పెట్టినా, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేసినా సెక్షన్ 13 ప్రకారం తప్పు. మొదటిసారి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల వరకు జరిమానా. డొనేషన్ తీసుకుంటే దానికి పది రెట్ల వరకు. అమ్మానాన్నలకు ఇంగ్లిష్ వచ్చా అని అడగడం కూడా వడపోతే.

వయసు పత్రం: జనన ధ్రువపత్రం లేదని చేర్చుకోకపోవడం చెల్లదు. అంగన్‌వాడీ రికార్డు, ఆసుపత్రి రిజిస్టరు, తల్లిదండ్రుల రాతపూర్వక ప్రకటన సరిపోతాయి.

ఫీజు లెక్క: చెప్పే ఫీజు వేరు, ఏడాదంతా కట్టేది వేరు. పుస్తకాలు, యూనిఫాం, బస్సు, పరీక్ష ఫీజు, వార్షికోత్సవం అన్నీ కాగితం మీద రాయించుకోవాలి. ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోవాలి. 1994 నాటి జీవో 1 ప్రకారం బడి ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు వెళ్లాలి, యాజమాన్యం తీసుకోగలిగేది 5 శాతమే.

తెలుగు: 2018 చట్టం ప్రకారం తెలంగాణలోని అన్ని బోర్డుల బడుల్లో తెలుగు నేర్పాలి. ఇంటి భాష మీద పిల్లవాణ్ణి వెక్కిరించే బడికి ఈ సంగతి గుర్తు చేయాలి.

చేరిన తర్వాత అసలు పరీక్ష

సీటు దొరకడంతో పని అయిపోదు. ఉచిత సీటు పిల్లలను వేరుగా కూర్చోబెట్టడం, వేరే వేళల్లో పాఠం చెప్పడం, ఆటలకూ లైబ్రరీకీ దూరం పెట్టడం విద్యాహక్కు నియమాలకు విరుద్ధం. సెక్షన్ 17 కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధిస్తుంది. టిఫిన్ డబ్బాలో ఏముందని మూత తెరిచి చూసి, పెద్దకూర తెచ్చావా అని నలుగురిలో అడగడం వేధింపే. మరుగుదొడ్లు కడిగే పని కొందరు పిల్లలకే చెప్పడం వివక్షే.

కులం పేరుతో నలుగురిలో అవమానించినా, దళితులన్న కారణంగా విద్యాసంస్థలోకి రానివ్వకపోయినా 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ విద్యాసంస్థల మాటను స్పష్టంగా చేర్చింది. కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. స్టేషన్‌తో పాటు జిల్లా కలెక్టర్‌కు, రాష్ట్ర ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు కూడా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. తేదీ, సమయం, ఎవరి ముందు జరిగింది, ఏ మాట అన్నారు అన్నవి ఆ రోజే రాసిపెట్టుకోవాలి. అయితే బిడ్డ మళ్లీ అదే తరగతికి వెళ్లాలి. అందుకే ఏ అడుగు వేసినా ముందు తల్లితో, బిడ్డతో మాట్లాడి వేయాలి. ఊరేగింపులో ముందు నిలబెట్టే బొమ్మ కాదు బిడ్డ.

మరో రకం బడి కూడా ఉంది

ప్రైవేటు అంటే ఫీజుల బడి ఒక్కటే కాదు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళల సంఘాలే వెన్నెముక. జొన్న, కొర్ర లాంటి పాత పంటలను నిలబెట్టింది వాళ్లే. మాచునూరులో 2008లో సంఘం రేడియో పెట్టిందీ వాళ్లే. అదే మాచునూరులో ఆ సంస్థ పచ్చసాలె అనే బడి నడిపింది. పుస్తకంతో పాటు సేద్యం, చేతిపనులు నేర్పింది. మన ఇంటి జ్ఞానం కూడా చదువేనని చూపింది. ప్రైవేటు బడిని కొలిచేటప్పుడు ఈ గజాన్ని కూడా పక్కన పెట్టుకుందాం: బిడ్డకు ఇంగ్లిష్ వచ్చిందా అన్నదొక్కటే కాదు, తన తల్లి పనిని చెప్పుకోవడానికి సిగ్గుపడుతోందా అన్నది కూడా.

మనం చేయగలిగింది

విద్యార్థి మిత్రులు వేసవి మొదట్లోనే వాడల్లో తిరిగి కుల, ఆదాయ ధ్రువపత్రాలకు దరఖాస్తు చేయించాలి. జూన్‌లో పరుగెత్తితే లాటరీ గడువు దాటిపోతుంది. సమాచార హక్కు కింద మండల విద్యాధికారిని అడగండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలే, 30 రోజుల్లో జవాబు రావాలి. ఏ బడులకు గుర్తింపు ఉంది, ఏవి మైనారిటీ బడులు, 25 శాతం కింద ఎందరిని చేర్చుకున్నారు, బెస్ట్ అవైలబుల్ బకాయి ఎంత? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు చేతిలో ఉంటే కలెక్టర్ ముందు మన మాట బలంగా ఉంటుంది.

ఒకటో తరగతిలో చేరిన దళిత బిడ్డల్లో ఎంతమంది ఎనిమిదో తరగతిలో అదే బడిలో ఉన్నారన్నది కూడా ఏటా లెక్కపెట్టాలి. చేరిన సంఖ్యను ప్రభుత్వం ప్రకటిస్తుంది. మధ్యలో జారిపోయిన వాళ్ల పేర్లు మాత్రం వాడకే తెలుసు. ఆ జాబితా రాయాల్సింది మనమే.