మూసీ ఒడ్డున ఒక నడక: పురానాపూల్ నుండి చాదర్‌ఘాట్ వరకు

ఈ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయుమని సంపాదక వర్గము వారు కోరినప్పుడు, పాత కాగితములు తిరగవేసి సంఘముల పుట్టుపూర్వోత్తరములు వ్రాయుదునా అని మొదట తలంచితిని. ఆ పనికి నాకంటె పెద్దలు, అనుభవజ్ఞులు ఉన్నారు. కనుక నేను కాళ్ళతో చదివిన చరిత్రను కొంత పాఠకుల ముందు పెట్టుచున్నాను. ప్రతి సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదులో మూసీ నది ఒడ్డున పురానాపూల్ నుండి చాదర్‌ఘాట్ వరకు నడచుట కొన్నేండ్లుగా నాకు అలవాటు. మూడు నాలుగు కిలోమీటర్లకు మించని దారి. 2024లో ఆ తేదీ శనివారము వచ్చినందున మా యౌవనస్థులు కొందరు నాతో వచ్చిరి. ఆనాటి నడకనే ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆ తేదీయే ఎందుకని పిల్లలు అడిగిరి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద ఈ నగరమును రెండుగా చీల్చినది. వరదకు ముందటి హైదరాబాదు వేరు, తరువాతి హైదరాబాదు వేరు. మనము ఈ ఒడ్డున చూచు పెద్ద కట్టడములలో చాలావరకు ఆ వరద తరువాత లేచినవే.

వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి, నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలియు చిన్న నది ఇది. పురానాపూల్ దీని మీద మొదటి వంతెన. 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించెను. అప్పటికి చార్మినారు లేదు, హైదరాబాదు అను పేరే లేదు. 17వ శతాబ్దములో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ వంతెనను చూచి, పారిస్ నగరములోని పాంట్ నఫ్ వంతెన సరసన నిలుపదగిన అందముగలదని మెచ్చుకొనెను. విచిత్రమేమనగా ఆ పారిస్ వంతెనకు పునాదిరాయి వేసినదియు 1578లోనే.

యువరాజు మహమ్మద్ కులీ భాగమతి కొరకు వరద నదిలో గుఱ్ఱమును దించెననియు, కుమారుని ప్రాణము మీద బెంగతో తండ్రి ఈ వంతెన కట్టించెననియు కథ ఒకటి కలదు. మా పిల్లలకు ఈ కథ మిక్కిలి ఇష్టము. అయితే యువరాజు పుట్టినది 1565 ప్రాంతమున. వంతెన పూర్తియగు నాటికి అతనికి పదమూడేండ్లు. "అయ్యగారూ, అయితే కథ అబద్ధమా?" అని ఒక అమ్మాయి అడిగినది. ప్రజలు ఒక వంతెనను ప్రేమించినప్పుడు దానికొక కథ కట్టుదురు, కథను కథగా వినవలెను, లెక్కను లెక్కగా చూడవలెనని చెప్పితిని. గోల్కొండకు, నది అవతలి ఒడ్డునకు మధ్య సరకులు, సైన్యములు దాటుటకు వంతెన అవసరమై కట్టిరి. అందులో తక్కువతనమేమియు లేదు.

వంతెన దక్షిణపు కొసన పాత నగర ప్రాకారపు దర్వాజా ఒకటి నిలిచియున్నది. గోడ పోయినది గాని ద్వారము మిగిలినది. అక్కడ నుండి తూర్పుగా, ముస్లింజంగ్ వంతెన దాటి నడచినచో సిటీ కాలేజీ వచ్చును. 1921లో సిటీ హైస్కూలుగా ఈ భవనమున నెలకొన్నది. ఉర్దూ కవి మఖ్దూమ్ మొహియుద్దీన్ ఇక్కడ అధ్యాపకుడుగా పనిచేసెను. దాని ప్రక్కనే ఎర్రరాతి గుమ్మటములతో హైకోర్టు. 1915లో పని మొదలై 1919లో ముగియగా, 1920 ఏప్రిల్ 20న ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించెను. ఈ భవనములతోపాటు ఎదుటి ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రికిని, కాచిగూడ రైల్వే స్టేషనుకును రూపకల్పన చేసిన శిల్పిగా విన్సెంట్ ఎష్ అను ఆంగ్లేయుని పేరు చెప్పుదురు. ఇచ్చటి గుమ్మటములు, కమానులు శ్రద్ధగా చూచి, వాటిని తన నిర్మాణములలో కలిపికొన్నవాడు.

హైకోర్టు ముందు నిలిచి నది వైపు చూచినచో, నీటి అంచున రాతి గోడలు కనబడును. అవి వరద నేర్పిన పాఠము. 1908 సెప్టెంబరు చివర కుండపోతగా వర్షము కురిసినది. నగరమునకు పైన నదీ పరీవాహమున ఉన్న 788 చెరువులలో 221 తెగిపోయినవని తరువాత ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తేల్చెను. చెరువు మీద చెరువు తెగి, ఆ నీరంతయు ఒక్కసారిగా నగరము మీద పడినది. వంతెనలు తెగిపోయినవి, దెబ్బతిన్నవి. ముసలి పురానాపూల్ మాత్రము దెబ్బలు తిని నిలిచినది. మృతులు 15,000 మంది అని సాధారణముగా చెప్పుదురు. ఇండ్లు పోగొట్టుకొన్నవారు వేలకువేలు. ఉర్దూ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీటిలో పోగొట్టుకొని ఒంటరిగా బయటపడెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిరాశ్రయులకు తన మహళ్ళ తలుపులు తెరిపించెను. సహాయక పనిలో పాల్గొన్న సరోజినీ నాయుడుకు 1911లో కైజర్-ఇ-హింద్ పతకము లభించెను. జలియన్‌వాలాబాగ్ తరువాత ఆమె దానిని తిరిగి ఇచ్చివేసెను.

మరుసటి సంవత్సరము, 1909లో, విశ్వేశ్వరయ్య హైదరాబాదు వచ్చి పరిశీలించి నివేదిక ఇచ్చెను. నగరమునకు పైభాగమున రెండు పెద్ద జలాశయములు కట్టి వరద నీటిని అక్కడ పట్టి నిలిపి మెల్లగా వదలవలెననియు, నగరములో గట్లు ఎత్తుచేసి ఒడ్డు వెంట తోటలు, బాటలు వేయవలెననియు అందలి సారాంశము. అట్లు మూసీ మీద గండిపేట వద్ద ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. వరద ఆపుటకు కట్టిన ఆ చెరువులే తరతరములు నగరమునకు త్రాగునీరు ఇచ్చినవి.

ఇక్కడ నా సొంత మాట ఒకటి. మా నాయనమ్మ పాలమూరు పల్లెటూరిది. "మా నాయన గండిపేట కట్ట మీద రాళ్ళు మోసిండు" అని ఆమె చెప్పుట చిన్ననాట ఎన్నో సారులు వింటిని. కరవు ఏడు వచ్చినప్పుడు ఊరు విడిచి భార్యతో కూలికి వచ్చినవాడట. గండిపేట కట్టకు నిజాము పేరు ఉన్నది, ఇంజనీర్ల పేర్లు పుస్తకములలో ఉన్నవి. మా ముత్తాత పేరు మా ఇంటి బైబిలు మొదటి పుటలో తప్ప మరెక్కడను లేదు. ఆయనతో రాళ్ళు మోసిన వేలమందికి ఆ పుటయు లేదు. పెద్ద భవనముల ముందు నిలిచినప్పుడెల్లను ఈ సంగతి నా మనస్సులో కదలును.

నయాపూల్ దగ్గరకు వచ్చి, వంతెన ఎక్కకముందు కొంచెము ముందుకు పోయి సాలార్‌జంగ్ మ్యూజియం చూచితిమి. మూడవ సాలార్‌జంగ్ 1949లో మరణించిన తరువాత, 1951లో దివాన్ దేవిడీలో మొదలైన ఈ ప్రదర్శనశాల 1968లో నది ఒడ్డునున్న ఈ భవనమునకు మారినది. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబ్కా ఇందులో ఉన్నది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొనెను. ఆదికాండము 24వ అధ్యాయములో ఇస్సాకును దూరమున చూచి ముసుగు వేసికొన్న రిబ్కాయే ఈమె. ఆదివారపు బడి పిల్లలకు పుస్తకములో తెలిసిన రిబ్కాను పాలరాతిలో చూచి మావారు చాలాసేపు కదలలేదు. మూసీ ఒడ్డున ఒక ముస్లిము మంత్రి కుటుంబము బైబిలు స్త్రీని ఇంత భద్రముగా దాచినదను సంగతి కూడ వారు గమనింపవలెనని కోరితిని.

నయాపూల్ దాటి ఉత్తరపు ఒడ్డుకు చేరితిమి. ఎడమ వైపున ఉస్మానియా ఆసుపత్రి. పూర్వపు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఈ ఆవరణలోనే ఉండెను. 1888, 1889 సంవత్సరములలో డాక్టరు ఎడ్వర్డ్ లారీ క్లోరోఫారము మత్తు ఎంతవరకు క్షేమకరమో తేల్చుటకు ఇక్కడ రెండు పరిశోధక సంఘములు నడిపెను. రెండవ దానికి లండనులోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అను వైద్యుని పంపెను. ఆ ఆసుపత్రి 1908 వరదలో నాశనమైనది. దాని స్థానమున లేచినదే ఈ గుమ్మటముల భవనము. ఆవరణలో ఒక చింతచెట్టు కలదు. వరదనాడు నూట యేబదిమంది దాని కొమ్మలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. ప్రతి సెప్టెంబరు 28న కొందరు ఆ చెట్టు క్రింద చేరి మృతులను స్మరింతురు. మేమును నిలిచి ప్రార్థన చేసితిమి.

సంఘ కాపరిగా ఈ వార్డులలో ఎన్నియో మంచముల ప్రక్క నిలిచితిని. 2020 జూలైలో వాన నీరు పాత భవనపు వార్డులలోనికి వచ్చినది, పిమ్మట రోగులను తరలించి దానిని మూసివేసిరి. 2025 జనవరి 31న గోషామహల్‌లో క్రొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. రోగికి మంచి పైకప్పు కావలెను, అందులో సందేహము లేదు. అయితే పాత భవనమును మరచిపోయినచో, దానిని లేపిన వరదను కూడ మరచిపోవుదుము.

అఫ్జల్‌గంజ్‌లో ఆసఫియా గ్రంథాలయము, అనగా నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము, చూచి కోఠీ వైపు నడచితిమి. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలగువారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును స్థాపించినది ఈ ప్రాంతముననే. నిజాము రాజ్యమున తెలుగు పుస్తకమునకు దొరికిన తొలి గూళ్ళలో అదియొకటి. ఆ తరువాత రెసిడెన్సీ. 1803లో రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ మొదలుపెట్టిన భవనము. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దీని మీదనే దాడి చేసిరి. 1949 నుండి స్త్రీల విద్యాలయమైనది. తెల్లవారు పాలించిన మెట్ల మీద మన ఆడపిల్లలు పుస్తకములు పట్టుకొని కూర్చుండుట చూడ సంతోషము.

చివరకు 1831 నాటి చాదర్‌ఘాట్ వంతెన చేరితిమి. అక్కడనే మా నడక బరువెక్కినది. వంతెన క్రింద నదీ గర్భములో కట్టుకొన్న చిన్న ఇండ్ల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు కొత్తగా కనబడినవి. నదిని బాగుచేయు పథకము క్రింద అధికారులు వేసిన గుర్తులు. అందులో మా సంఘ కుటుంబమొకటి ఉండెను. ఇండ్లలో పనిచేసి పిల్లలను చదివించుకొను విధవరాలు. "ఎక్కడ పోవాలె అయ్యగారూ?" అని ఆమె అడిగినప్పుడు, అంతవరకు నాలుగు శతాబ్దముల చరిత్ర చెప్పిన నా నోట జవాబు రాలేదు. కొద్ది దినములకు వారు నగరపు అంచున రెండు పడక గదుల ఇంటికి మారిరి.

మరుసటి సంవత్సరము, 2025 సెప్టెంబరు చివర, జలాశయముల తలుపులు ఎత్తగా మూసీ మరల పొంగినది. ఇమ్లీబన్ బస్సు స్టేషనులోనికి నీరు వచ్చినది. చాదర్‌ఘాట్ దగ్గర ఆమె ఇల్లుండిన చోట కూడ నీరు నిలిచినది. నేను ఆమెను చూడబోయితిని. "నీళ్ళ నుంచి బతికినం అయ్యగారూ. కానీ పనికి పోవాలంటే రెండు బస్సులు మారాలె. మునిగిపోయే ఇంటికోసం ఏడుస్తున్నవని మా బిడ్డ నవ్వుతది," అని చెప్పినది. ఆ రెండు మాటలును నిజమే. నదికి దాని చోటు ఇయ్యవలెనని 1908 చెప్పుచున్నది. చోటు ఇచ్చినవారి జీవనమును గూర్చియు అడుగవలెనని ఆమె చెప్పుచున్నది.

ప్రియ పాఠకులారా, నూరేండ్ల పండుగనాడు మనము భవనములను లెక్కింతుము. లెక్కింపవలసినదే. దానితోపాటు రాళ్ళు మోసినవారి పేర్లు, ఇండ్లు ఖాళీచేసి పోయినవారి పేర్లు కూడ మన సంఘ పుస్తకములలో వ్రాసియుంచుదము. మా సంఘములో ఆ పని ఆరంభించితిమి. మొదటి పేరు మా ముత్తాతది, రెండవది ఆమెది. వచ్చే సెప్టెంబరు 28న నాతో నడువదలచినవారు ఉదయము ఆరు గంటలకు పురానాపూల్ దర్వాజా దగ్గరకు రండి.