ఓల్డ్ సెయింట్ ఫ్రాన్సిస్ స్కూల్

ఓల్డ్ సెయింట్ ఫ్రాన్సిస్ స్కూల్: అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం, బెండ్ నగరంలో ఉన్న పూర్వపు కాథలిక్ పాఠశాల భవనం. ప్రస్తుతం హోటల్‌గా నడుస్తోంది.

చరిత్ర: డెషూట్స్ నది ఒడ్డున కలప మిల్లులతో ఎదిగిన పట్టణం బెండ్. ఐర్లండ్‌కు చెందిన కపుచిన్ అనే కాథలిక్ సన్యాస సభ గురువు ఫాదర్ ల్యూక్ షీహన్ 1910లో ఇక్కడికి వచ్చి విచారణను (స్థానిక కాథలిక్ సంఘాన్ని, అంటే పారిష్‌ను) నిలబెట్టారు. ఆ విచారణ పిల్లల కోసం 1936లో ఈ బడి ప్రారంభమైంది. మధ్య ఓరెగాన్‌లో చర్చి నడిపిన తొలి పాఠశాల ఇదే. ఊరు పెరగడంతో బడి కొత్త ఆవరణకు తరలిపోయింది.

పునర్వినియోగం: మైక్, బ్రయాన్ మెక్‌మెనమిన్ సోదరుల సంస్థ భవనాన్ని తీసుకుని, 2004లో హోటల్‌గా తెరిచింది. అంతకుముందు 1997లో పోర్ట్‌లండ్‌లోని కెనెడీ ప్రభుత్వ పాఠశాలను (నిర్మాణం 1915) ఈ సంస్థే హోటల్‌గా మార్చింది. బెండ్‌లో తరగతి గదులు బస గదులయ్యాయి. సినిమా హాలు, బీరు తయారీశాల, భోజనశాల వచ్చాయి. పచ్చనీలం పలకలు పరిచిన వేడినీటి కొలను ప్రధాన ఆకర్షణ. నడవాల గోడలపై బడి నాటి ఫొటోలు, చిత్రాలు కనిపిస్తాయి. ఒక గదికి ‘ఫాదర్ ల్యూక్స్ రూమ్’ అని గురువు పేరే పెట్టారు.

ప్రాధాన్యం: పాత బడిని కూల్చకుండా, దాని చరిత్రనే ఆకర్షణగా మలచి ఆదాయం తేవచ్చని చూపిన ఉదాహరణగా ఈ భవనం నిలిచింది.