టెర్రీ వర్సెస్ ఒహాయో

టెర్రీ వర్సెస్ ఒహాయో అమెరికా సంయుక్త రాష్ట్రాల సుప్రీంకోర్టు 1968 జూన్ 10న వెలువరించిన తీర్పు. అరెస్టుకు తగిన ఆధారం లేకపోయినను, సహేతుకమైన అనుమానం ఉన్నచో పోలీసు అధికారి ఒక వ్యక్తిని కొద్దిసేపు ఆపవచ్చుననియు, ఆయుధం ఉన్నదని శంకించుటకు కారణమున్నచో దుస్తులపై తడిమి చూడవచ్చుననియు చెప్పే సూత్రానికి ఈ తీర్పే మూలం. ఇట్టి నిలుపుదలను ఆ దేశంలో "టెర్రీ స్టాప్" అంటారు.

నేపథ్యం

అమెరికా రాజ్యాంగపు నాలుగవ సవరణ అహేతుకమైన సోదాల నుండి, నిర్బంధం నుండి ప్రజలకు రక్షణ ఇస్తున్నది. అరెస్టుకు కావలసిన ఆధారాన్ని అక్కడి న్యాయ పరిభాషలో ప్రాబబుల్ కాజ్ అంటారు. అయితే గస్తీ తిరిగే పోలీసుకు చాలాసార్లు కలిగేది అనుమానమే గాని, చేతికి ఆధారం చిక్కదు. ఈ రెండింటి నడుమ చట్టంలో చోటు ఉన్నదా అన్నదే కేసులోని ప్రశ్న.

సంఘటన

1963 అక్టోబరు 31 మధ్యాహ్నం ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో మార్టిన్ మెక్‌ఫాడెన్ అనే డిటెక్టివ్ మఫ్టీలో గస్తీ తిరుగుతున్నాడు. అతనికి పోలీసు ఉద్యోగంలో 39 సంవత్సరాల అనుభవం కలదు. జాన్ టెర్రీ, రిచర్డ్ చిల్టన్ అనే ఇద్దరు ఒకరి తరువాత ఒకరుగా నడచివెళ్ళి, ఒక దుకాణపు కిటికీలోనికి తొంగిచూచి, తిరిగివచ్చి మాట్లాడుకోవడం అతని కంట పడినది. ఇట్లు సుమారు పన్నెండు సార్లు జరిగినది. నడుమ మూడవ వ్యక్తి ఒకడు వచ్చి వారితో మాట్లాడి వెళ్ళాడు. తరువాత ముగ్గురూ మరల కలిసినపుడు మెక్‌ఫాడెన్ తాను పోలీసునని చెప్పి పేర్లు అడిగాడు. వారు ఏదో గొణిగారు. అతడు టెర్రీని పట్టుకొని కోటుపై తడుమగా పిస్తోలు తగిలినది. చిల్టన్ వద్ద కూడా పిస్తోలు దొరికినది. ఆయుధం చేతికి తగిలిన తరువాతనే కోటు లోపలికి చేయి పెట్టాడన్న సంగతి తీర్పులో కీలకమైనది.

రహస్యంగా ఆయుధం ధరించిన నేరానికి ఇద్దరికీ 1 నుండి 3 సంవత్సరాల శిక్ష పడినది. సుప్రీంకోర్టు కేసును స్వీకరించిన తరువాత చిల్టన్ మరణించాడు. టెర్రీ తరఫున వాదించిన లూయిస్ స్టోక్స్ అదే 1968లో ఒహాయో నుండి అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన తొలి నల్లజాతీయుడైనాడు.

తీర్పు

8-1 ఆధిక్యతతో శిక్ష ఖాయమైనది. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తీర్పు వ్రాశాడు. పైపైన తడమడం సోదా కాదన్న వాదాన్ని కోర్టు అంగీకరించలేదు. అదీ సోదాయే, కనుక రాజ్యాంగానికి లోబడవలసినదే. కాని అధికారి ప్రాణరక్షణ కొరకు పరిమితమైన సోదా సహేతుకమే. అధికారి తన అనుమానానికి నిర్దిష్టమైన సంగతులు చూపగలగాలి. మనసుకు అట్లు తోచినదంటే చాలదు. పోలీసులు వేధిస్తున్నారని నల్లజాతి వారు తరచు ఫిర్యాదు చేస్తున్న విషయాన్ని కూడా వారెన్ ప్రస్తావించాడు. అయితే సాక్ష్యాన్ని తిరస్కరించినంత మాత్రాన ఆ వేధింపు ఆగదని అభిప్రాయపడ్డాడు.

న్యాయమూర్తి విలియం డగ్లస్ విభేదించాడు. వారంటు ఇవ్వడానికి న్యాయాధికారికి ప్రాబబుల్ కాజ్ అవసరం కాగా, వీధిలోని పోలీసుకు అంతకంటె తక్కువ చాలుననడం పోలీసుకు న్యాయాధికారిని మించిన అధికారం ఇవ్వడమేనని అతని వాదన. ఈ అభ్యంతరం నేటికీ బలమైనదే.

అదే రోజు వెలువడిన సిబ్రాన్ వర్సెస్ న్యూయార్క్ తీర్పును దీనితో కలిపి చదవాలి. అందులో పోలీసు ఆయుధ శంక లేకుండానే జేబులో చేయి పెట్టి హెరాయిన్ తీశాడు. ఆ శిక్ష రద్దయినది.

తరువాతి తీర్పులు

విచారణ కొరకు ఆపడం గురించి టెర్రీ తీర్పు నేరుగా ఏమీ తేల్చలేదు. 1972లో ఆడమ్స్ వర్సెస్ విలియమ్స్ కేసులో కోర్టు దానిని స్పష్టంగా ఆమోదించినది. 1993లో మిన్నెసోటా వర్సెస్ డికర్సన్ కేసులో, ఆయుధం కాదని తెలిసిన తరువాత కూడా జేబులోని వస్తువును నలిపి చూడడం చెల్లదన్నది. 2000లో రెండు తీర్పులు వచ్చాయి. నేరాలు ఎక్కువగా జరిగే ప్రాంతంలో పోలీసులను చూచి కారణం లేకుండా పరుగెత్తడం అనుమానానికి చాలునని ఇల్లినాయ్ వర్సెస్ వార్డ్‌లో చెప్పగా, ఫలానా వాని వద్ద తుపాకి ఉన్నదని అజ్ఞాత వ్యక్తి ఫోనులో చెప్పడం మాత్రం చాలదని ఫ్లోరిడా వర్సెస్ జె.ఎల్. చెప్పినది.

న్యూయార్క్ కేసు

2013లో ఫ్లాయిడ్ వర్సెస్ సిటీ ఆఫ్ న్యూయార్క్ కేసులో న్యాయమూర్తి షిరా షైండ్లిన్ ముందుకు వచ్చిన లెక్కల ప్రకారం, 2004 జనవరి నుండి 2012 జూన్ వరకు ఆ నగర పోలీసులు 44 లక్షల సార్లు వ్యక్తులను ఆపారు. అందులో 88 శాతం సందర్భాలలో అరెస్టు గాని, సమన్లు గాని లేవు. తడిమి చూచిన వాటిలో ఆయుధం దొరికినది 1.5 శాతం మాత్రమే. ఆపబడిన వారిలో 52 శాతం నల్లజాతీయులు. నగర పోలీసులు ఈ అధికారాన్ని వాడిన తీరు రాజ్యాంగపు నాలుగవ, పదునాలుగవ సవరణలకు విరుద్ధమని ఆమె తీర్పు ఇచ్చి, పర్యవేక్షకుని నియమించినది. ఆపి తడమడమే నిషిద్ధమని మాత్రం ఆమె అనలేదు. టెర్రీ తీర్పు ఉన్నంతవరకు అట్లు అనడానికి వీలు లేదు.